నేను చిత్తుకాగితాన్ని

నా పుట్టుక గురించి చెప్పుకోవలసింది కొంచెమే. సరుగుడు, సుబాబుల్ దుంగలు మిల్లులో ముక్కలై, రసాయనాల్లో ఉడికి, గుజ్జయి, ఆరితే నేనయ్యాను. పాఠాలు మోశాను, పద్దులు మోశాను, దస్తావేజునై ఆస్తులకు సాక్ష్యం చెప్పాను. ఆ పనికి ఇప్పటికీ గర్వపడతాను. నా బాధంతా పని తీరిపోయాకే మొదలవుతుంది. పరీక్షలు కాగానే సగం తెల్లగా ఉన్న నోటుపుస్తకం కూడా మూలకు చేరుతుంది. అన్నం మెతుకులూ కూరగాయల తొక్కలూ ఉన్న బుట్టలోనే నన్నూ పడేస్తారు. అక్కడ తడిసి ముద్దయ్యాక చిత్తుకాగితాలు ఏరుకునేవారు సైతం నన్ను ముట్టరు. వీధి చివర తగలబెడితే పొగనై ఊపిరితిత్తుల్లోకి పోతాను. చెత్తగుట్ట అడుగున గాలాడక కుళ్ళితే మీథేన్ వాయువునై భూమిని వేడెక్కిస్తాను. ఇన్ని చేసి, నన్ను పనికిరానిదంటారు. ఆ మాటే నన్ను ఎక్కువ నొప్పిస్తుంది, ఎందుకంటే అది నిజం కాదు.

నాలో ఎక్కువ భాగం సెల్యులోజ్, అంటే గ్లూకోజ్ అణువులు ముడిపడిన పొడవాటి గొలుసు. బియ్యంలోని పిండిపదార్థమూ గ్లూకోజే. ముడిపడిన తీరే వేరు. ఆ ఒక్క తేడా వల్ల అన్నం మనిషికి అరుగుతుంది, నేను అరగను. ఒక్కో ముడి విడిపోయేటప్పుడు ఒక్కో నీటి అణువు వచ్చి చేరుతుంది గనుక, 100 గ్రాముల శుద్ధమైన సెల్యులోజ్ పూర్తిగా విడిపోతే లెక్కప్రకారం 111 గ్రాముల గ్లూకోజ్ రావాలి. 1819లోనే ఫ్రాన్స్‌లో హెన్రీ బ్రాకొనో గంధకికామ్లంతో గుడ్డపేలికలనూ రంపపుపొట్టునూ చక్కెరగా మార్చి చూపాడు. కానీ ఆమ్లం మోటుది, వచ్చిన చక్కెరనే కొంత పాడుచేస్తుంది. నేర్పుగా చేసే పనివాడు ఒక బూజు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైనికుల నూలు గుడారాలను తినేసిన ఆ బూజుకు, దాన్ని పరిశోధించిన ఎల్విన్ రీస్ పేరు మీదుగా ట్రైకోడెర్మా రీసై అని పేరు. దాని ఎంజైముల్లో ఒకటి గొలుసును నడుమ తెంపుతుంది, మరొకటి కొసల నుంచి గ్లూకోజ్ జంటలను ఊడదీస్తుంది, ఇంకొకటి జంటను విడగొడుతుంది. 50 డిగ్రీల వేడి, కాస్త పులుపు ఉంటే చాలు.

కాగితాన్ని మళ్ళీ కాగితమే చేయవచ్చు కదా అంటారు. తప్పకుండా చేయాలి, ముందు అదే చేయాలి. అయితే గుజ్జు చేసిన ప్రతిసారీ నా పీచు పొట్టిదవుతుంది. అయిదారుసార్లయ్యాక అల్లుకోలేక మిల్లు నీళ్ళతో బురదలా బయటికి పోతుంది. ఎంజైముకు పీచు పొడవుతో పనిలేదు. నేను వాదిస్తున్నది ఆ బురద కోసం, నూనె అంటి మిల్లుకు పనికిరాకుండా పోయిన ముక్కల కోసం. చెక్కపొట్టు మాట వేరు. దానిలో సెల్యులోజ్‌ను లిగ్నిన్ అనే పదార్థం పెనవేసుకుని కాపలా కాస్తుంది కాబట్టి ముందు ఆవిరితోనో క్షారంతోనో సడలించాలి. తెల్లకాగితానికి ఆ కష్టం మిల్లులోనే తీరిపోయింది. వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ చాలావరకు మిగిలే ఉంటుంది, ఎండకు పచ్చబడేది అందుకే. అది అంత సులువుగా లొంగదు. నా నునుపు కోసం కలిపిన సున్నపురాయి పొడి పులుపును విరిచేస్తుంది, దాన్నీ సరిచేయాలి. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఎంజైముల ఖరీదు. చక్కెర పోగయ్యేకొద్దీ అవి మందగిస్తాయి కూడా. అందుకే అదే తొట్టిలో ఈస్టును వేసి, వచ్చిన చక్కెరను వచ్చినట్టే ఎథనాల్‌గా పులియబెట్టే పద్ధతి ఉంది. ఇవి నిజమైన కష్టాలే, కానీ దాటరానివి కావు. వరిగడ్డిని ఎంజైములతో విడదీసి ఎథనాల్ తీసే కర్మాగారం పానిపట్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైంది. గడ్డికి దక్కిన ఆ శ్రద్ధ నాకూ దక్కాలంటాను. సిరా, రసాయనాలు అంటిన నా చక్కెర మీ కాఫీలోకి వద్దు. ఇంధనానికీ, లాక్టిక్ ఆమ్లం వంటి సరుకులకూ వాడండి.

అందుకు మీ ఇంట్లో చేయవలసింది కొంచెమే. నన్ను తడిచెత్తలో కలపకండి, తగలబెట్టకండి. రెండోవైపు తెల్లగా ఉంటే రాసుకోండి. ఆ తర్వాత పొడిగా కట్టకట్టి పాతకాగితాలు కొనేవాళ్ళకు ఇవ్వండి.