ఇది యిట్లుండగా

నేటి వ్యాసరచనా బోధకులు కనిపెట్టిన దివ్యౌషధములలో సంధానపదముల పట్టిక అగ్రగణ్యము. శిష్యుడు వ్రాసిన పేరాకును తరువాతి పేరాకును పొంతన కుదరనప్పుడు, అతని ఆలోచన ఎక్కడ తెగినదో వెదకుట గురువునకు శ్రమ, వెదకి చూపుట శిష్యునకు చిన్నతనము. కావున ఉభయతారకముగా ‘అంతేకాక’, ‘అయినప్పటికిని’, ‘మరొకవైపు’, ‘ఈ నేపథ్యములో’ అను మాటలను జాతులవారీగా విభజించి, అచ్చొత్తించి చేతికిచ్చి, వాక్యమునకు ముందొకటి తగిలించితివా, నీ రచన గోదావరివలె ప్రవహించునని అభయమొసగుచున్నారు. ఆ పట్టికను కంఠస్థము చేసిన బాలుడు గోవును వర్ణింపబూని, “ఆవు సాధుజంతువు. అయినప్పటికిని అది పాలిచ్చును. ఈ నేపథ్యములో దానికి నాలుగు కాళ్లు గలవు” అని సెలవిచ్చును. ప్రవాహమునకు లోటు లేదు, ఆవే కొట్టుకొనిపోయినది.

మన పూర్వులకు ఇంతటి ఔదార్యము లేకపోయెను. బ్రహ్మసూత్రములు ‘అథ’ యను రెండక్షరముల మాటతో ఆరంభమగుచున్నవి. ‘పిమ్మట’ యని అర్థము చెప్పుకొని మనబోంట్లు ముందుకు సాగిపోదుము. శంకరులట్లు పోనీయక, దేని పిమ్మట అని నిలదీసి, కర్మవిచారము పిమ్మట అను పక్షమును త్రోసిపుచ్చి, నిత్యానిత్యవస్తువివేకాదులైన నాలుగు సాధనములు సమకూరిన పిమ్మట అని తీర్మానించిరి. రామానుజులు దానికి సమ్మతింపక, కర్మవిచారము పిమ్మటనే యని గ్రంథమెత్తి వాదించిరి. ఒక్క సంధానపదమున కింత విచారణ! నేడు ‘ఈ క్రమంలో’ అని వ్రాసినవానిని ఏ క్రమమయ్యా యని యడిగినచో, అడిగినవాడే అరసికుడగును. ఛందస్సు నిండక తల గోకుకొను కవుల మాట వేరు. వారికి అక్కరకు వచ్చు తు, హి, చ, వై మున్నగు అవ్యయములను అమరసింహుడు పాదపూరణములని దాపరికము లేకుండ చెప్పివైచెను. మన పట్టికలవారో, పూరణమునకు స్పష్టత యని నామకరణము చేసిరి.

అదియుగాక తెలుగువాడు ఈ సరకును అరువు తెచ్చుకొనుట మరింత వింత. సంధానము మన భాషలో క్రియాపదము కడుపులోనే యున్నది. క్త్వార్థకము, శత్రర్థకము, చేదర్థకము మొదలుగా చిన్నయసూరి బాలవ్యాకరణమున క్రియాపరిచ్ఛేదములో వివరించినదంతయు ఈ కూర్పు పనియే. “అమ్మ పాలు కాచి, తోడు వేసి, ఉట్టిమీద పెట్టి, పిల్లి రాగా అదలించి, దీపమార్పి పడుకొనెను” అన్న వాక్యమున ఏది ముందో, ఏది వెనుకో, ఎవరు వచ్చినందున ఎవరేమి చేసిరో, చదువురాని ముసలమ్మకును సందేహము రాదు. పట్టిక ప్రకారమైనచో, “అమ్మ పాలు కాచెను. తదనంతరము తోడు వేసెను. అంతేకాక ఉట్టిమీద పెట్టెను. ఇదే సమయములో పిల్లి రంగప్రవేశము చేసెను.” పాలు మిగులునో లేదో చెప్పజాలను.

ఇంతవరకు ఇది హాస్యము. పత్రికలలో మాత్రము ఈ పదములు మరొక ఘనకార్యము చేయుచున్నవి. ఊరి పేరు తప్ప మార్పు లేకుండ వానకాలమెల్ల చదువునట్టి వార్త యొకటి చూడుడు: “నిరుడు ప్రారంభోత్సవం జరుపుకున్న వంతెన మొన్నటి వానకు కూలిపోయింది. కాగా, నాసిరకం సిమెంటు వాడారని గ్రామస్థులు ఆరోపిస్తున్నారు. ఇదిలా ఉండగా, అదే కంట్రాక్టరుకు పొరుగూళ్లో మరో వంతెన పని దక్కింది. ఈ నేపథ్యంలో అధికారులు విచారణకు ఆదేశించారు.” వంతెన కూలుటకును సిమెంటునకును గల సంబంధమేమి? ‘అందువలన’ అని వ్రాసినచో రుజువు చూపవలెను. ‘అయినను’ అదే కంట్రాక్టరునకు పని యిచ్చిరని వ్రాసినచో, ఇచ్చినవారి గడప త్రొక్కి అడుగవలెను. ‘ఇదిలా ఉండగా’ అన్నచో ఏ పూచీయు లేదు: అది అలా ఉండును, ఇది ఇలా ఉండును, సిమెంటు మరెక్కడనో ఉండును. మాటలు కలిసి అర్థమిచ్చుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని తార్కికులు చెప్పిరి; ఈ వార్త వ్రాసినవారు మొదటి రెండింటిని పాఠకునకు విడిచి, సన్నిధితో పని కానిచ్చిరి. నేపథ్యము సంగతి వేరు. నాటకమున అది తెరవెనుకటి చోటు గనుక, ఆ ఒక్క మాట మాత్రము, వ్రాసినవారికి తెలియకయే, సత్యము పలికినది.

సంధానపదములే వలదని నా వాదము కాదు. ‘కనుక’ యనువాడు జామీను నిలుచుచున్నాడు, ‘అయినను’ అనువాడు ఎదిరి పక్షమును విని మాటాడుచున్నాడు, అట్టివారికి నమస్కారము. పట్టికాభిమానులు మాత్రము, ఇవి తీసివేసినచో పాఠకుడు దారి తప్పునని బెంగపడుచున్నారు. పై వార్తనుండి కాగాను, ఇదిలా ఉండగాను కొట్టివేసి చదివి చూడుడు. వంతెన కూలిపోయింది. నాసిరకం సిమెంటు వాడారని గ్రామస్థులు ఆరోపిస్తున్నారు. అదే కంట్రాక్టరుకు మరో వంతెన పని దక్కింది. ఏ పాఠకుడును దారి తప్పడు సరికదా, తిన్నగా కంట్రాక్టరు ఇంటికే పోవును. మరునాటి నుండి ప్రభుత్వ ప్రకటనలు ఆ పత్రికకు వచ్చునో రావో సంపాదకుడు చూచుకొనవలసియుండును.