‘నో’ తీసేస్తే చాలు

మా ఆలేరులో చిటికి కట్టే తాత ఒకాయన ఉన్నాడు. నూలుకు ఎక్కడ రంగు తగలకూడదో అక్కడ సైకిల్ ట్యూబు పట్టీ చుట్టి బిగిస్తాడు. తొట్టిలో ముంచి, ఆరబెట్టి, ముడి విప్పితే లోపలి నూలు ముందెట్లుందో అట్లే ఉంటుంది. “వదులుగ కడితే రంగు లోపటికి వోతది బిడ్డా, చీరంత ఆగమైతది” అంటాడు. ఆసు యంత్రం చేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం ఊరు శారాజీపేట కూడా మా పక్కనే. దాచడమంటే ఏమిటో తెలిసినవాళ్లకు మా దగ్గర కొదవ లేదు. సర్కారే ఎన్నడూ వచ్చి అడగలేదు.

అదే 2017లో, మే 1న, బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక వేసింది. కేంద్రం పింఛన్ల పోర్టల్‌లో ఆధార్, బ్యాంకు వివరాలకు ముసుగైతే వేశారు. కానీ పేజీ చిరునామాలో ‘నోలాగిన్’ అని ఉన్నచోట ‘నో’ తీసేసి ‘లాగిన్’ అని కొడితే చాలు, పాస్‌వర్డ్ ఊసే లేకుండా ముసుగు జారిపోయేదట! మా తాతకు నూలు ముడులు వేసీ వేసీ వేళ్లు అరిగిపోయాయి. పింఛనుకు వెళ్తే మిషన్ మీద వేలిముద్ర పడదు. తన డబ్బు తను తీసుకోవడానికి నాలుగుసార్లు వేళ్లు తుడుచుకోవాలి. ఆయన వివరాలు ఊరందరూ చూడ్డానికి మాత్రం ఇంగ్లిష్‌లో రెండక్షరాలు తుడిస్తే సరిపోయేది.

ఆ నివేదిక పట్టుకున్న నాలుగు పోర్టళ్లలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. నాలుగూ కలిపి 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బజారున పడి ఉంటాయని అంచనా. మరుసటి ఏడాది అక్కడి హౌసింగ్ కార్పొరేషన్ సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్‌తో పాటు కులం, మతం కూడా కనిపించాయి. ఆపైన అన్న సంజీవని మందుల దుకాణాల వంతు. ఎవరు ఏ మందు కొన్నారో ఫోన్ నంబర్‌తో సహా తెరిచిపెట్టారు. మగతనం మాత్రలు కొన్నవాళ్లూ అందులో ఉన్నారు. వెనక ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, గొంతు తగ్గించి అడిగి, కాగితంలో చుట్టించుకుని తెచ్చుకున్న పాపానికి!

ఆంధ్రావాళ్లను చూసి మనం నవ్వేదేమీ లేదు. 2024 జనవరిలో సర్కారు పథకాల కోసం మనవాళ్లు ఇచ్చిన ప్రజాపాలన దరఖాస్తులు హైదరాబాద్‌లో బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా పడ్డాయి. మన దగ్గర కంప్యూటర్ తెలియాల్సిన పని కూడా లేదు, గాలి వీస్తే చాలు.

దొరలూ మనకు తీసిపోలేదు. 2011లో బ్రిటన్ రక్షణ శాఖ అణు జలాంతర్గాముల గుట్టున్న పత్రాన్ని నల్ల అక్షరాల వెనక నల్ల రంగు పూసి బయటపెట్టింది. 2019లో అమెరికాలో ట్రంప్ మాజీ ప్రచార సారథి మానఫోర్ట్ లాయర్లు కోర్టుకిచ్చిన కాగితంలో నల్ల పట్టీలు గీశారు. విలేకరులు వాటిని కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే కింద మాటలు కిందే ఉన్నాయి. ముగ్గు మీద చాప పరిచి ముగ్గు చెరిగిందనుకున్నట్టు!

అసలు దాచాలని గట్టిగా అనుకున్నప్పుడు మన ఢిల్లీ పనితనం వేరు. ప్రత్యేక తెలంగాణపై వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదికలో ఎనిమిదో అధ్యాయాన్ని సీల్డు కవరులో పెట్టి హోం శాఖకిచ్చారు. తెలంగాణ గురించి రాసింది తెలంగాణవాళ్లు చదవకూడదన్నమాట. 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి అందులోని సంగతులు తన తీర్పులోనే ఎక్కించారు కాబట్టి తెలిసింది. జాతకంలోనూ అష్టమ స్థానం గుట్టుదేనంటారు. సమాచార హక్కు చట్టంలోనూ ఇవ్వకపోవడానికి సాకులు ఎక్కువగా ఎనిమిదో సెక్షన్‌లోనే ఉంటాయి. వ్యక్తిగత డేటా రక్షణ పేరుతో 2023లో చేసిన చట్టం దాన్ని ఇంకాస్త బిగించింది. ‘వ్యక్తిగత సమాచారం’ అనేస్తే ఆఫీసరు బల్ల సర్దుకోవచ్చు. ఈ ముడికి మాత్రం సైకిల్ ట్యూబు కాదు, లారీ ట్యూబే వాడారు.

ఇదంతా తాతకు చెప్పాను. ముడి వేస్తూనే విన్నాడు.

“అయితే నా నంబరు గూడ గండ్ల కనవడ్డదా?”

“కనబడే ఉంటది తాతా.”

“మరి జర చూడు బిడ్డా, ఈ నెల పైసలు పడ్డయో లేదో.”