పద్నాలుగు గుంటల బతుకు

ఫ్రిజ్ కొన్నవాళ్ళకు దానితోపాటే వచ్చే తెల్ల ప్లాస్టిక్ ఐస్ ట్రేని నేను. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల గుంటలు, అదే నా ఆస్తి. విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఓ మేడ మొదటి అంతస్తు వాటాలో నా కాపురం. ఎండలకు భయపడి జనం బ్లేజ్‌వాడ అని వెక్కిరించే ఊళ్ళో ఐస్ ట్రేకి పని లేకపోవడమంటూ ఉండదు. మజ్జిగలోకి, నిమ్మరసంలోకి, మోకాలు వాచిన తాతగారి కాపడానికి నన్ను మెలితిప్పుతూనే ఉండేవారు.

మెలితిప్పడమంటే గుర్తొచ్చింది. మా వంశం మరీ పాతదేం కాదు. 1914లో అమెరికాలో ఫ్రెడ్ వుల్ఫ్ అమ్మిన డొమెల్రే అనే ఇంటి శీతల యంత్రంలో మా పూర్వీకుల పేరు వినిపిస్తుంది. వంచితే చాలు ముక్కలు ఊడిపడే లోహపు ట్రేని 1933లో గై టింకమ్ తయారుచేశాడంటారు. ఆ వంగే గుణం ఒక్కటే నాకు వారసత్వంగా దక్కింది.

2024 వేసవిలో నా ఉద్యోగం మారింది. ఇంట్లో పాపకు ఆరు నెలలు నిండాయి. దుర్గమ్మ కొండమీద అన్నప్రాసన చేయించి తీసుకొచ్చారు. పుస్తకం, కలం, బంగారం ముందు పెడితే అన్నీ తోసేసి పరమాన్నం గిన్నె అంచు పట్టుకుందట. మా ఇంటిపిల్లే అని అందరూ సంబరపడ్డారు. అసలు చిక్కు మర్నాడు మొదలైంది. వాళ్ళమ్మ బ్యాంకులో పనిచేస్తుంది. చట్టం ఇచ్చిన 26 వారాల ప్రసూతి సెలవు సరిగ్గా అప్పుడే అయిపోయింది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేం వద్దని డాక్టర్లు చెబుతారు. ఆ తర్వాత పాలతోపాటు గట్టి తిండి మొదలుపెట్టాలి. అంటే పిల్లకు వంట మొదలవ్వాల్సిన రోజుకే తల్లి మళ్ళీ ఆఫీసు మెట్లెక్కాలి. ఈ లెక్క వేసిన పెద్దలెవరోగానీ పసిపిల్లకు ముద్ద కలిపి పెట్టిన చెయ్యి కాదు వాళ్ళది.

అందుకని గుడివాడ పక్క పల్లె నుంచి అమ్మమ్మ దిగింది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసి గట్టుమీద పెట్టింది. అందులో ఉగ్గు. ఆ పక్కనే నన్ను కడిగి ఆరబెట్టి ఉంచారు.

"ఇదెందుకే ఇక్కడ?" అంది అమ్మమ్మ.

"పాపకి గుమ్మడి, క్యారెట్ ఉడికించి ఇందులో గడ్డకట్టిద్దామని అమ్మా. వారానికి సరిపడా ఆదివారమే చేసేస్తాను."

"చంటిదానికి మంచుముద్దలు పెడతావా? జలుబు చెయ్యదూ!"

"మంచుగా పెట్టనమ్మా. పొగలొచ్చేదాకా వేడిచేసి, గోరువెచ్చగా అయ్యాకే పెడతాను."

అమ్మమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నేను సగటు ప్లాస్టిక్ వస్తువుని. ఆవిడ చూపు ముందు నా గుంటలన్నీ బోసిగా కనిపించాయి.

ఆదివారం వంట మాత్రం చూడదగ్గది. తియ్యగుమ్మడి, క్యారెట్, చిలగడదుంప ముక్కలు ఇడ్లీ పాత్రలో ఆవిరికి మెత్తబడేవి. తర్వాత మిక్సీ. అక్కడినుంచి పరుగే. వండిన పదార్థం గదిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. మే నెలలో బెజవాడ వంటింట్లో 32 ఎప్పుడుంటుంది గనక! అందుకే పాప తల్లి స్టీలు గిన్నెను చల్లనీళ్ళ పళ్ళెంలో దించి, కలుపుతూ ఆర్చి, చెంచాతో నా గుంటలు నింపేది. గట్టుమీద ఒకసారి తట్టి, పైన పలచటి ప్లాస్టిక్ షీటు కప్పి లోపలికి తోసేది. పెద్ద గిన్నె నిండా పెడితే నడిమధ్య చల్లబడేసరికి తెల్లారిపోతుంది. చిన్న గుంటలో అయితే చలి త్వరగా లోపలికంటా దిగుతుంది. నా గొప్పంతా ఆ చిన్నతనంలోనే ఉంది.

మూత విషయం ఎందుకు చెప్పానంటే, మొదటి వారం అది లేదు. కిందనే ఆదివారం రొయ్యలు. క్యారెట్ ముక్కలు వేడి చేస్తుంటే రొయ్యల వాసన గుప్పుమంది. పాప మొహం తిప్పేసుకుంది. అమ్మమ్మ మాత్రం ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ వినిపించింది.

పొద్దున్నే నన్ను మెలితిప్పి ముక్కల్ని జిప్ కవర్లో వేసి, మార్కర్‌తో పేరూ తేదీ రాసేవారు. మైనస్ 18 డిగ్రీల చలిలో నెల, మహా అయితే రెండు నెలలు. ఆరు నెలలు నిండిన కొత్తలో పూటకు రెండు మూడు పెద్ద చెంచాలు చాలు గనక ఒకటి రెండు ముక్కలతో సరిపోయేది. కరిగించింది మళ్ళీ గడ్డకట్టించేవారు కాదు. పాప ఎంగిలి చెంచా తగిలిన గిన్నెలో మిగిలింది దాచేవారు కాదు. ఉప్పు, పంచదార నా గడప తొక్కలేదు.

అన్నీ నాకు ఒదిగాయని చెప్పను. చక్కెరకేళి గుజ్జు నల్లబడింది, బంగాళాదుంప జిగటై నీళ్ళు వదిలింది. నూజివీడు చిన్న రసాల గుజ్జు మాత్రం దివ్యంగా నిలిచింది. జూన్‌లో పిండిన రసాన్ని పాప ఆగస్టులో చప్పరించింది. ఆ పూట అమ్మమ్మ నన్ను చూసిన చూపులో కాస్త మెత్తదనం కనిపించింది.

అమ్మమ్మ ఉగ్గు చెయ్యడం కూడా చూశాను. బియ్యం, కందిపప్పు, పెసరపప్పు, కాసిన్ని మినప్పప్పు కడిగి, గుడ్డమీద పరిచి పూర్తిగా ఆరనిచ్చేది. దేనికదే దోరగా వేయించేది. వాము, జీలకర్ర చేర్చి రవ్వలా ఆడేది. వాళ్ళమ్మ కాలంలో ఇదంతా తిరగలిలో జరిగేదట. బియ్యంలో కొరవైనది పప్పులో ఉంటుంది, పప్పులో కొరవైనది బియ్యంలో ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ బక్కచిక్కిన పిల్లలకోసం రూపొందించిన 'హైదరాబాద్ మిక్స్' కూడా ఈ దారిదే: గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం కూడా ఆ కుటుంబమే.

ఫ్రీజర్‌లో తీరిగ్గా పడుకున్నప్పుడు నాకో సంగతి తట్టింది. ఆ డబ్బా, నేను చేసేది ఒకే పని. కంటికి కనబడని క్రిములకు నీళ్ళు అందకుండా చెయ్యడం. ఉగ్గులో నీరు ఆవిరైపోయింది, నాలో నీరు గడ్డకట్టి అందకుండా పోయింది. ఆకలిగొన్న క్రిమి రెండు చోట్లా నోరు మూసుకోవాల్సిందే. అయితే చలికి క్రిమి చావదు, నిద్రపోతుంది. నా కాపలా అంతా కరెంటు ఉన్నంతవరకే.

ఆ కరెంటు 2024 సెప్టెంబరు 1న పోయింది. అదీ ఆదివారమే, వంట రోజు. ముందు రోజంతా కుండపోత. బుడమేరు వాగు డైవర్షన్ కాలువకు గండ్లు పడి మా సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్ళలో మునిగాయి. మా కింది వాటాలో పీకల్లోతు నీరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ఉరుకుతోందని ఫోన్లు చల్లబడేదాకా చెప్పుకున్నారు. ఇక్కడ నా లోకం మెల్లగా వేడెక్కుతోంది.

నిండుగా ఉన్న ఫ్రీజర్, తలుపు తీయకపోతే, సుమారు 48 గంటలు చలిని పట్టి ఉంచుతుంది. సగమే ఉంటే 24. మాది సగం కూడా కాదు. పైగా కొవ్వొత్తి పట్టుకుని తలుపు తీసి చూడటం తాతగారికి అలవాటైంది. మొదటి రోజు గుమ్మడి ముక్కలు పనికొచ్చాయి. సోమవారం మధ్యాహ్నానికి కవర్లలో రంగురంగుల నీళ్ళు.

"వాసనేం లేదు, పెడితే ఏమవుతుంది?" అన్నాడు నాన్న.

"వాసన రాకపోయినా పాడయ్యుండొచ్చండీ," అని పాప తల్లి కవర్లన్నీ ఓ సంచిలో మూటకట్టేసింది. నా బతుకులో ఆమె చేసిన మంచి పని అదేనంటాను. గడ్డ కరిగాక మేలుకున్న క్రిముల్ని ముక్కుతో పట్టడం ఎవరి తరం!

ఇక మిగిలింది స్టీలు డబ్బా. పడవలో వచ్చిన వాటర్ బాటిల్ నీళ్ళు మరగబెట్టి, సిలిండర్ ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టి, అమ్మమ్మ ఉగ్గు కలిపింది. పైన ఓ చుక్క నెయ్యి. పైన హెలికాప్టర్లు, డ్రోన్లు ఆహార పొట్లాలు మోసుకు తిరుగుతుంటే పాప కిటికీలోంచి వాటిని చూస్తూ గిన్నె ఖాళీ చేసింది. తల్లిపాలు ఎలాగూ ఉన్నాయి. నీరు తగ్గి, కరెంటు వచ్చేదాకా ఆ డబ్బా, ఆ పాలే.

తర్వాత నన్ను వేడినీళ్ళతో రుద్ది కడిగారు, మళ్ళీ గుమ్మడి నింపారు. అమ్మమ్మ ఈసారి తనే చెంచా పట్టింది. పాపకు ఏడాది దాటాక ఇంట్లో పప్పన్నమే తన అన్నమైంది. నాలో మళ్ళీ నీళ్ళు, మజ్జిగలోకి ముక్కలు.

పైవాటాలో ఓ పిల్లాడికి ఆరు నెలలు నిండబోతున్నాయట. వాళ్ళమ్మ నన్ను అడిగి పంపింది. ఇవ్వండి, వెళ్తాను. మార్కర్ కూడా ఇవ్వండి. నాతోపాటు ఓ డబ్బా ఉగ్గు పంపడం మాత్రం మర్చిపోకండి.