పాస్‌పోర్టే మాతృభాష

సూరత్‌లోని బమ్రోలిలో మరమగ్గాల మోత మధ్య పెరిగి, ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ మాట్లాడుతూనే ఇంగ్లిష్‌లో ఎం.ఏ. పూర్తిచేసిన తెలుగు యువతి ఎవరైనా దక్షిణ కొరియా వెళ్లి ఇంగ్లిష్ చెప్పాలనుకుంటే, తన చదువుకన్నా తన పుట్టుకనే ముందుగా పరీక్షిస్తారని గ్రహించవలసి ఉంటుంది.

విదేశీ భాషా బోధకులకు ఆ దేశం ఇచ్చే ఇ-2 వీసాకు అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులను ‘ఇంగ్లిష్ మాతృభాషీయులు’గా పరిగణిస్తారు, వారికి ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉంటే చాలు గనుక, పశువైద్యం చదివినవారు సైతం నిరభ్యంతరంగా వ్యాకరణం చెప్పవచ్చు. ఇంటి భాషగా ఇంగ్లిష్ వాడేవారు జనాభాలో పది శాతమైనా లేని దక్షిణాఫ్రికా ఈ జాబితాలో ఉండటాన్ని బట్టి, మాతృభాష నాలుక మీద కాక పాస్‌పోర్టు మీద ఉంటుందని తేలుతున్నది. 2010లో అమలుకు వచ్చిన సెపా, అనగా భారత్, దక్షిణ కొరియాల సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం, భారతీయులకూ తలుపు తెరిచింది గాని, డిగ్రీతోపాటు ఉపాధ్యాయ అర్హత పత్రం కూడా తెమ్మన్నది. పాఠం చెప్పడం వచ్చునని రుజువు చూపవలసిన భారం, విచిత్రంగా, ఆ ఏడు దేశాల వారికి లేదు.

ఇదిలా ఉండగా, 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై నేడు ఇఫ్లూ అనే విశ్వవిద్యాలయంగా ఎదిగిన హైదరాబాద్ సంస్థకు ఇంగ్లిష్ నేర్చుకోవడానికి విదేశీయులు వస్తూనే ఉన్నారు, వారి గురువుల పాస్‌పోర్టులు మాత్రం ఎవరూ అడగడం లేదు.