నేను మంచినీటి గొట్టాన్ని

ఇంగ్లండులో కొత్తగా కట్టిన ఒక కాలనీలో, కాలిబాట కింద ముప్పావు మీటరు లోతున ఉంటున్నాను. ఒళ్లంతా నీలం. మట్టి తవ్వినవాళ్లు చూడగానే మంచినీటి గొట్టమని గుర్తుపట్టాలని అక్కడ మాకు ఈ రంగిస్తారు. పాలిథిలీన్ గుళికలను కరిగించి అచ్చులోంచి నెడితే పుట్టాను.

నన్ను వేసింది నీటి కంపెనీ మనుషులు కారు. 1991 నాటి నీటి పరిశ్రమ చట్టం 41వ సెక్షన్ ప్రకారం బిల్డరు కంపెనీనే గొట్టం వేయమని కోరవచ్చు. 2003లో వచ్చిన నీటి చట్టం అందులో 51ఏ సెక్షన్ చేర్చి మరో దారి చూపింది. బిల్డరు తానే కాంట్రాక్టరును పెట్టి వేయించుకోవచ్చు. పని ఒప్పందం ప్రకారం జరిగితే కంపెనీ ఆ గొట్టాన్ని తన సొంతం చేసుకుంటుంది. దీన్ని సెల్ఫ్‌లే అంటారు. ఒప్పందం దగ్గర పేచీ వస్తే నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్ తీరుస్తుంది.

ఈ పనిచేసే కాంట్రాక్టర్ల సామర్థ్యాన్ని పరిశీలించి గుర్తింపు ఇస్తారు. మంచినీటి పనిలో చేయిపెట్టే కూలీకి కూడా పరిశుభ్రత కార్డు ఉండాలి.

నా ప్రాణమంతా అతుకుల్లోనే ఉంది. ముందుగా నా కొసలను గీకి పై పొర తీసేస్తారు. రెండు ముక్కలను కలిపే కప్లింగులోకి దూర్చి కదలకుండా బిగిస్తారు. అందులోని తీగకు కరెంటు ఇస్తే ప్లాస్టిక్ కరిగి ఒకటవుతుంది. పూర్తిగా చల్లారేదాకా బిగింపు విప్పకూడదు. దుమ్ము పడినా, తడి తగిలినా, తొందరపడి విప్పినా అతుకు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పట్టు మాత్రం ఉండదు.

తర్వాత ఒత్తిడి పరీక్ష. ఒత్తిడికి నేను కొద్దిగా సాగుతాను కాబట్టి లీకు లేకపోయినా ఒత్తిడి పడిపోతుంది. ఆ తగ్గుదలను సమయంతో పాటు నమోదుచేసి లెక్కగట్టి చూస్తేనే నిజం తేలుతుంది. ఆపైన క్లోరిన్‌తో శుద్ధిచేసి, నీటి నమూనాలను ల్యాబుకు పంపుతారు. కోలిఫారం, ఈ-కొలై బ్యాక్టీరియా లేవని తేలాకే ఇళ్లకు నీళ్లు వదలాలి.

నేల తీరు కూడా చూడాలి. పెట్రోలు బంకు ఉండిన చోట నన్ను వేయకూడదు. పెట్రోలు నా గోడలోంచి నీళ్లలోకి ఊరుతుంది. అక్కడ లోపల అల్యూమినియం పొర, పైన గోధుమరంగు చారలు ఉన్న గొట్టం వేయాలి.

బిల్డరు ఇళ్లు అమ్ముకుని వెళ్తాడు, కాంట్రాక్టరు ఇంకో పని చూసుకుంటాడు. ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టని ఇంటివాళ్లు మాత్రం ఏళ్ల తరబడి నా నీళ్లే తాగుతారు. కాంట్రాక్టర్ల పోటీ వల్ల ఖర్చు తగ్గి, పని వేగంగా జరిగితే సంతోషమే. కానీ ఆ వేగం చల్లారే సమయాన్ని, పరీక్షను మింగకూడదు. ఎవరు వేసినా పరీక్ష ఒక్కటిగానే ఉండాలి.

ఇంకో మాట. నేను ప్లాస్టిక్‌ని కాబట్టి లోహాన్ని పసిగట్టే పరికరాలకు దొరకను. కందకం పూడ్చకముందే నా లోతు, మలుపులు, వాల్వులు కొలిచి పటంలో ఎక్కించండి. రేపు ఇక్కడ కేబులు కోసం తవ్వే మనిషి గునపం నాకు తగలకుండా ఆ పటమే కాపాడాలి.