మొద్దుకు దక్కని శాలువా

గుట్ట మీద మొక్క నాటాలంటే ఏమేం కావాలి? షామియానా, ఫ్లెక్సీ, మట్టి అంటని కొత్త పార, ముందే తవ్వి ఉంచిన గుంత, ఫొటోగ్రాఫరు. మొక్క కూడా కావాలి గానీ దాన్ని ఆఖరున చూసుకోవచ్చు. 2015 జులైలో తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం మొదలైంది. లక్ష్యం 230 కోట్ల మొక్కలు. పచ్చదనం 24 శాతం నుంచి 33కు పెరగాలి. అప్పటి నుంచీ సందడంతా నాటినవాటిదే. తనంతట తాను మొలిచినదానికి షామియానా లేదు.

2019 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కలెక్టర్లను గజ్వేల్ పక్క కోమటిబండ అడవికి తీసుకెళ్లి, చూసి నేర్చుకోమన్నారు. నేర్చుకోవాల్సిందే. అక్కడ ఖాళీల్లో మొక్కలు నాటిన మాట నిజమే. కానీ పెద్ద పని చేసింది జీవాలు దాటకుండా చుట్టూ తవ్విన కందకం. ఇక్కడి అడవి చెట్లు చాలావాటికి నరికినా వేరు చావదు. ప్రతి వానకూ చిగురేస్తుంది, ప్రతి చిగురూ మేక నోట్లోకి పోతుంది. వంగి చూడండి: పైన మోకాలెత్తు కూడా లేని పొద, మట్టి గీరితే కింద తొడంత మొద్దు. రెండు మూడు వానకాలాలు నోరు తగలకపోతే చాలు, కొన మేకకు అందదు. గుంతా వద్దు, ట్యాంకరూ వద్దు. సొమ్మొకడిది సోకొకడిది: చిగురేసింది మొద్దు, శాలువా కప్పింది పార పట్టినాయనకు.

మేపి మేపి బోడైన గుట్ట మీద కూడా తంగేడు నవనవలాడుతుంది. రాష్ట్ర పుష్పమని జీవాలు గౌరవించాయనుకోకండి, వాటికి ఆ ఆకు సయించదు.

కోమటిబండ ఉన్న సిద్దిపేట జిల్లాలోనే, కొండపాకలో 2017 జూన్ 20న గొల్లకురుమలకు గొర్రెల పంపిణీ మొదలైంది. ఒక్కొక్కరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. ఒక చేత్తో మంద ఇచ్చి, ఇంకో చేత్తో కందకం తవ్వారు. మరి మేపేదెక్కడ అంటే పశుసంవర్ధక శాఖ అటవీ శాఖ దిక్కు చూస్తుంది, అటవీ శాఖ ఆకాశం దిక్కు.

గొర్రె నడుస్తూ మేసే జీవం, కొట్టంలో కట్టేసి సాకడం గొల్లకురుమలకు గిట్టుబాటు కాదు. గుట్టను పాళ్లుగా పంచి, ఒక పాలు మూడేళ్లు మూసి, మిగతావి తెరిచి, వంతులవారీగా తిప్పాలి. ఏ పాలు ముందు మూయాలో, ఏ వాగు పక్క గడ్డి తొందరగా లేస్తుందో మంద వెనక నడిచిన కురుమ పెద్దమనిషికి తెలుసు. ఆయనకు మీటింగు పిలుపు రాదు, జరిమానా రసీదు వస్తుంది.