సున్నా దాచిన బీపీ యంత్రం

తన కథ తానే చెప్పుకుంటున్నా ఈ బీపీ యంత్రం "నేను" అనదు. చేసిన ఉద్యోగం అలాంటిది. కొలిచేవాళ్ల ఆశలు, అనుమానాలు అంకెల్లోకి చొరబడకుండా కాపలా కాయడమే దాని పని. సొంత సంగతి చెప్పాల్సి వచ్చినా అదే దూరం పాటిస్తుంది.

దాని వంశం 1896లో ఇటలీలోని ట్యూరిన్‌లో మొదలైంది. షిపియోనె రీవా-రోచీ అనే వైద్యుడు చేతికి గాలిపట్టీ చుట్టి, పాదరసం ఎంత ఎత్తుకు లేస్తుందో చూసి రక్తపోటు కొలిచాడు. 1905లో రష్యా డాక్టర్ నికొలాయ్ కొరొత్కోవ్ మోచేతి మడత దగ్గర స్టెతస్కోప్ పెట్టి వినడం నేర్పాడు. గాలి వదులుతుంటే మొదటి చప్పుడు వినిపించిన చోటు పై అంకె, చప్పుడు ఆగిపోయిన చోటు కింది అంకె. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ప్రపంచమంతా డాక్టర్లు బీపీ చూసింది ఇలాగే.

పద్ధతి మంచిదే. చిక్కంతా చూసే కంటితో. చప్పుడు 138 దగ్గర వినిపించినా చాలామంది 140 అని రాసేస్తారు. మందు పనిచేయాలని మనసులో ఉంటే 136 కాస్తా 130 అయిపోతుంది. ఎవరూ కావాలని చేసేది కాదు గానీ, రెండు మూడు పాయింట్ల తేడా కోసం వెతికే పరిశోధనకు ఇది పెద్ద గండి. 1970లో రైట్, డోర్ అనే ఇద్దరు లాన్సెట్ పత్రికలో దీనికో ఉపాయం ప్రకటించారు: కొలిచేవాళ్లకు సున్నా ఎక్కడుందో తెలియకుండా చేయడం.

ఆ ఉపాయంతో తయారైనదే ఈ యంత్రం. పక్కనున్న చక్రం తిప్పితే లోపల పాదరసం మట్టం మారిపోతుంది. ఎంత మారిందో తిప్పినవాళ్లకూ తెలియదు. నర్సు పట్టీ బిగించి, గాలి కొట్టి, నెమ్మదిగా వదులుతుంది. మొదటి చప్పుడు 152 దగ్గర వినిపిస్తుంది, రాసుకుంటుంది. చప్పుడు ఆగింది 104 దగ్గర, అదీ రాసుకుంటుంది. గాలంతా పోయాక పాదరసం అడుగుదాకా దిగదు, 14 దగ్గర ఆగుతుంది. ఆ పూట సున్నా అదన్నమాట. రెండింటిలోంచీ 14 తీసేస్తే 138, 90. ఎదుటి మనిషి బీపీ ఎంతో ఆమెకు తెలిసేది అంకెలు కాగితం మీద పడ్డాకే. ఈ రకం యంత్రాలు బీపీని ఒకింత తక్కువ చూపిస్తాయని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అయినా ఒక పరిశోధనలో అన్ని గుంపులనూ ఇదే యంత్రంతో కొలుస్తారు కాబట్టి గుంపుల మధ్య తేడా చెక్కుచెదరదు.

ఈ యంత్రం జీవితంలో ఘనమైన ఘట్టం 1994లో మొదలైంది. తిండితోనే రక్తపోటు తగ్గుతుందా అన్నది తేల్చడానికి అమెరికా ప్రభుత్వ హృద్రోగ పరిశోధన సంస్థ డబ్బు పెట్టింది. బాల్టిమోర్, బోస్టన్, డర్హమ్, బేటన్ రూజ్ ఊళ్లలో 459 మందిని తీసుకున్నారు. ఆ పరీక్షకు డాష్ అని పేరు. ఆ ఊళ్లలో డర్హమ్‌కు అన్నంతో పాత చుట్టరికం ఉంది. 1940ల్లో అక్కడి డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టర్, ప్రాణం మీదికి వచ్చిన రక్తపోటు రోగులకు ఉప్పు లేని అన్నం, పండ్లు, పంచదార మాత్రమే పెట్టి చాలామందిలో బీపీ దించాడు. సరైన మందులు లేని కాలంలో అది అద్భుతమే. కాకపోతే అంత చప్పిడి తిండి ఏళ్ల తరబడి తినడం ఎవరి తరం?

డాష్ వాళ్లు ఎంచుకున్న దారి వేరు. మామూలు మనుషులు ఇష్టంగా తినగలిగిన భోజనమే వండి పెట్టారు. మొదటి మూడు వారాలు అందరికీ సగటు అమెరికన్ తిండి. ఆ తర్వాత ఎనిమిది వారాలు మూడు గుంపులు. ఒక గుంపు అదే తిండి కొనసాగించింది. రెండో గుంపుకు పండ్లు, కూరగాయలు బాగా పెంచారు. మూడో గుంపుకు వాటితోపాటు వెన్న తీసిన పాలు, పెరుగు, ముడిధాన్యాలు, చేపలు, కోడిమాంసం, గింజలు ఇచ్చి, గొడ్డు, పంది మాంసాలు, మిఠాయిలు, తీపి పానీయాలు, కొవ్వు తగ్గించారు. అసలు పట్టు ఇక్కడుంది: మూడు గుంపులకూ ఉప్పు ఒకటే, రోజుకు సుమారు 3 గ్రాముల సోడియం. బరువు కూడా పెరగకుండా, తగ్గకుండా తిండి కొలతలు సర్దుతూ వచ్చారు. ఫలితం వస్తే అది ఉప్పు తగ్గినందువల్లో, చిక్కిపోయినందువల్లో అనడానికి ఎవరికీ సందు లేదు.

రెండు వారాలు తిరిగేసరికే తేడా కనపడింది. చివర్లో లెక్క చూస్తే, మామూలు తిండి తిన్నవాళ్లతో పోలిస్తే మూడో గుంపులో పై అంకె 5.5, కింది అంకె 3 పాయింట్లు ఎక్కువగా తగ్గాయి. అప్పటికే రక్తపోటు ఉన్నవాళ్లలో ఆ తగ్గుదల 11.4, 5.5. ఒక మాత్ర చేసే పనికి ఇది దగ్గర. పండ్లు, కూరగాయలు మాత్రమే పెంచిన గుంపుకు దక్కింది 2.8, 1.1. అంటే ఫలితం ఏ ఒక్క పండులోనూ, ఏ ఒక్క ఆకుకూరలోనూ లేదు, కంచం మొత్తంలో ఉంది. 1997 ఏప్రిల్‌లో లారెన్స్ ఆపెల్ బృందం ఈ ఫలితాలను ప్రచురించింది. సున్నా దాచిన యంత్రం చెప్పిన అంకెలు కాబట్టి, ఇష్టంకొద్దీ రాసుకున్నారనే మాట ఎవరూ అనలేకపోయారు.

ఎందుకు తగ్గిందంటే సమాధానంలో కొంత భాగం మూత్రపిండాల్లో ఉంది. ఆకుకూరలు, పండ్లు, పప్పులు, పెరుగులో పొటాషియం దండిగా ఉంటుంది. ఒంట్లో పొటాషియం పెరిగితే మూత్రపిండాల చివరి నాళాలు సోడియాన్ని వెనక్కి పీల్చుకోవడం తగ్గించి మూత్రంలోకి వదిలేస్తాయి. దానివెంట నీరూ పోతుంది, రక్తనాళాల మీద ఒత్తిడి తగ్గుతుంది. బీపీకి ఇచ్చే నీటి మాత్రలు నడిచేదీ ఇదే బాటలో. మెగ్నీషియం, కాల్షియం, పీచు తమ వంతు సాయం చేస్తాయి.

మరి ఉప్పు కూడా తగ్గిస్తే? 412 మందితో చేసిన రెండో పరీక్ష దీనికి జవాబు. ఫ్రాంక్ శాక్స్ బృందం 2001లో ఆ ఫలితాలు ప్రకటించింది. సోడియం మూడు మోతాదుల్లో పెట్టారు: ఎక్కువ అంటే 3.3 గ్రాములు, మధ్యస్థం 2.4, తక్కువ 1.5. తక్కువ ఉప్పుతో డాష్ భోజనం చేసిన రక్తపోటు రోగులకు, ఎక్కువ ఉప్పుతో మామూలు తిండి తిన్నప్పటితో పోలిస్తే, పై అంకె 11.5 పాయింట్లు తగ్గింది. రక్తపోటు లేనివాళ్లకు కూడా 7.1 తగ్గింది.

ఈ పాయింట్లు చిన్నవి కావు. 61 పరిశోధనల్లోని పదిలక్షల మంది వివరాలు కలిపి 2002లో వేసిన లెక్క ప్రకారం, నలభై నుంచి డెబ్బై ఏళ్ల మధ్య పై అంకె 20 పెరిగితే పక్షవాతంతో చనిపోయే ముప్పు రెట్టింపు దాటుతుంది. అమెరికాలో 88 వేల మందికి పైగా నర్సులను 24 ఏళ్లు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, డాష్‌కు బాగా దగ్గరగా తిన్నవాళ్లకు గుండెజబ్బు 24 శాతం, పక్షవాతం 18 శాతం తక్కువగా వచ్చాయి. అది గమనించి చెప్పిన లెక్కే గానీ వండిపెట్టి చేసిన పరీక్ష కాదు. ఆ తేడా గుర్తుంచుకునే చదవాలి.

రక్తపోటు దాటి ఒంట్లో ఇంకేం మారుతుందో చెప్పే శక్తి ఈ యంత్రానికి లేదు. అది రక్తపరీక్షల పని. డాష్ తిన్నవాళ్లలో చెడు కొలెస్ట్రాల్ సుమారు 11 పాయింట్లు తగ్గిందని 2001లో తేలింది. మంచి కొలెస్ట్రాల్ కూడా కొంచెం తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు కదల్లేదు. షుగర్ విషయం మరికొంచెం లోతు. లావుగా ఉన్న 144 మందితో డ్యూక్‌లో చేసిన పరీక్షలో డాష్ తిండి ఒక్కటే బీపీ పై అంకెను 11.2 పాయింట్లు దించింది. వ్యాయామం, బరువు తగ్గడం జతచేస్తే 16.1 దిగింది, ఇన్సులిన్ పనితనం మెరుగుపడింది కూడా ఈ గుంపులోనే. బీపీని కంచం దించగలదు. ఇన్సులిన్‌ను దారికి తేవాలంటే నడక, నడుముకొలత కూడా కలిసిరావాలి. మధుమేహం ఉన్నవాళ్ల కోసం పిండిపదార్థం తగ్గించి, మంచి కొవ్వు కొంచెం పెంచి సవరించిన డాష్ భోజనాన్ని జాన్స్ హాప్కిన్స్‌లో పరీక్షించి 2025లో ఫలితాలు చెప్పారు. ఉప్పు కూడా తగ్గించినప్పుడు వాళ్ల పై అంకె 4.6 పాయింట్లు దిగింది.

ఇదంతా అమెరికా వంటిల్లు అనుకోవడానికి లేదు. ఢిల్లీ, హర్యానాతోపాటు ఆంధ్రప్రదేశ్‌లోనూ జనం తినే ఉప్పును మూత్రపరీక్షలతో లెక్కగట్టి 2017లో ప్రచురించారు. ఆంధ్రప్రదేశ్ సగటు రోజుకు 9.46 గ్రాములు. డాష్ రెండో పరీక్షలో "ఎక్కువ" అని పేరు పెట్టిన 3.3 గ్రాముల సోడియం, ఉప్పు లెక్కలో ఎనిమిది గ్రాముల పైచిలుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాముల లోపు. గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాదిపాటు ప్రతి మరణానికీ కారణం ఆరా తీసిన పరిశోధన 2006లో వెలువడింది. అక్కడ మూడోవంతుకు దగ్గరగా, 32 శాతం మరణాలు, గుండె, రక్తనాళాల జబ్బులవే.

డాష్‌కు కావలసిన సరుకు మన సంతలో లేనిది కాదు. తోటకూర పప్పు, బచ్చలికూర, ఆనపకాయ, జామపండు, బత్తాయి, వెన్న తీసిన పెరుగు, గుప్పెడు వేరుశనగలు, జొన్నరొట్టె, రాగిసంగటి, పులుసుపెట్టిన చేప అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. తేడా వాటి వాటాల్లో ఉంది. మన కంచంలో కొండంత తెల్లన్నం, పక్కన చెంచాడు కూర. అది తిరగబడాలి. ఉప్పు మాత్రం పొట్లాల చిరుతిళ్లకంటే మన చేతి నుంచే ఎక్కువ పడుతోంది: ఉడికే కూరలో, ఊరగాయ జాడీలో, అప్పడంలో, ఊరమిరపకాయలో, ఎండుచేపలో, చివరికి మజ్జిగలో కూడా. ఆవకాయ మానేయమని అనడం అన్యాయం. రోజూ మూడుపూటలా వేసుకునేది ఒక పూటకు, ముద్దముద్దకూ నంజుకునేది రెండు ముద్దలకు తగ్గినా మేలే.

ఒక జాగ్రత్త ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు, ఒంట్లో పొటాషియం పెంచే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇన్ని పండ్లు, ఆకుకూరలు, ముఖ్యంగా పొటాషియం కలిపిన ఉప్పు ప్రమాదం కావచ్చు. డాక్టర్‌ను అడగకుండా వీళ్లు మొదలుపెట్టకూడదు.

పాదరసం విషమని, దాన్ని వాడే పరికరాలను మానిపించాలని 2013లో దేశాలు మినమాటా ఒప్పందం చేసుకున్నాయి. ఈ యంత్రం పదవీకాలం అలా ముగిసింది. ఇప్పుడు చాలా ఇళ్లలో మీట నొక్కితే అంకె చూపే పెట్టె ఉంది. దానికి దాచుకునే సున్నా లేదు, కాబట్టి నిజాయితీ కొలుచుకునేవాళ్లే చూపించాలి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోండి. చేయి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా కొలుచుకోండి. 137 వస్తే 137 అనే రాయండి. కంచం మార్చాక రెండు వారాలు ఇలాగే రాసి, ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి. అంకె ఎంత దిగినా, ఆయన చెప్పేదాకా మాత్రలు మాత్రం ఆపకండి.